గాయపాకులో పస ఉందా? డిస్కా, వెల్లా, ఎంఐసీనా: ఏది ఎప్పుడు చేయాలి

సంక్రాంతి సెలవులు అయిపోయి కాలేజీలు తెరిచారంటే మా ల్యాబ్ గుమ్మం దగ్గర ఎమ్మెస్సీ పిల్లలు ఇద్దరిద్దరుగా వచ్చి నిలబడతారు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో వాడిపోయిన ఆకు ఏదో ఒకటి. "మేడం, దీనికి యాంటీబాక్టీరియల్ చేయాలి. డిస్క్ మెథడ్ చేయమంటారా, వెల్ మెథడా?" తిరుపతిలో ఈ ప్రశ్నకు కరువు లేదు. ఒక పక్క శేషాచలం కొండలు. ఇంకో పక్క 1954 నుంచి ఉన్న ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ, ఆయుర్వేద కాలేజీ. అడవీ ల్యాబూ ఇంత దగ్గరగా ఉండే ఊరు ఇంకోటి చూపించండి చూద్దాం.

నేను తిరిగి అడిగేది ఒకటే. "ఈ ఆకు గురించి మీకేం తెలుసుకోవాలనుంది?" చాలామంది దగ్గర దానికి జవాబుండదు. సీనియర్ వెల్ మెథడ్ చేశాడు కాబట్టి వీళ్ళూ అదే చేస్తామంటారు. కానీ ఈ పద్ధతులు అడిగే ప్రశ్నలే వేరు. డిస్క్ (మందు పట్టించిన కాగితపు బిళ్ళ), వెల్ (బాక్టీరియా పెంచే అగర్ జెల్లీలో కోసిన గుంట) అనేవి "ఇందులో ఏమైనా ఉందా" అని చూసేవి. మైక్రోప్లేట్‌లో (చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో) చేసే ఎంఐసీ, అంటే బాక్టీరియాని ఆపగల కనీస మోతాదు, "ఎంత వేస్తే పని చేస్తుంది" అని చూసేది. మొదటిది చేసి రెండోదానికి జవాబు రాసేయడం వల్లే ఏటా బోలెడు ప్రాజెక్టులు వైవాలో బోర్లా పడుతున్నాయి.

ముందు ఆకు సంగతి

నా ఓటు గాయపాకుకి. కొందరు గడ్డి చేమంతి అంటారు. రోడ్డు పక్కన, గట్ల మీద, హాస్టల్ వెనకాల, ఎక్కడపడితే అక్కడ పాకుతుంది. పొడుగు కాడ మీద చిన్న పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ తెల్లటి రేకలు. చిత్తూరు పక్క మా ఊళ్ళో మామిడి తోపులో సైకిల్ మీంచి పడి మోకాలు చీరుకుపోతే, మా అవ్వ వంగి నాలుగాకులు కోసి, అరచేతుల మధ్య గట్టిగా నలిపి, ఆ నల్లపచ్చ రసం గాయం మీద పిండింది. భగ్గున మండింది. "ఏడవద్దు నాయనా, మండితేనే మానేది" అంది. రాయలసీమలో పెరిగినవాళ్ళలో సగం మంది మోకాళ్ళకి ఈ రసం తగిలే ఉంటుంది. (తమాషా ఏంటంటే ఈ మొక్క మనది కాదు, అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చింది. మన అవ్వలు దాన్ని ఎప్పుడో సొంతం చేసుకున్నారు.)

గాయపాకుని ఎందుకు ఎంచుకోమంటున్నానంటే, జనం దాన్ని వాడే పనికీ మనం చేసే పరీక్షకీ పొత్తు కుదురుతుంది. తెగిన గాయం చీము పట్టడానికి ముఖ్య కారణాల్లో స్టాఫైలోకాకస్ ఆరియస్ (మేం స్టాఫ్ అంటాం) ఒకటి. కాబట్టి గాయపాకుని ఆ బాక్టీరియా మీద పరీక్షించడంలో అర్థముంది. పళ్ళు తోముకునే ఉత్తరేణిని నోట్లో ఉండే బాక్టీరియా మీద పరీక్షించినా అంతే.

కుప్పింటాకు తీసుకుంటే కథ మారిపోతుంది. పసుపు, ఉప్పు కలిపి నూరి గజ్జికి రాస్తారు కదా, చాలామంది పిల్లలు "సంప్రదాయంగా చర్మవ్యాధులకు వాడతారు" అని ఒక లైను రాసి స్టాఫ్ మీద పరీక్షకు దిగుతారు. గజ్జి తెచ్చేది బాక్టీరియా కాదు, చర్మంలో బొరియలు తవ్వే కంటికి కనపడనంత చిన్న పురుగు. గోకిన చోట తర్వాత పట్టే చీముకి బాక్టీరియా కారణం కావచ్చు. కానీ మీ ప్లేట్‌లో జోన్ (మందు చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం) వచ్చినంత మాత్రాన గజ్జి మందు రుజువైనట్టు కాదు. పైగా ఉప్పు సంగతొకటి. ఉప్పు చాలా బాక్టీరియాని ఆపుతుంది గానీ స్టాఫ్ మాత్రం ఏడున్నర శాతం ఉప్పులో కూడా హాయిగా పెరుగుతుంది. దాన్ని గుర్తుపట్టే ఒక మీడియం (బాక్టీరియా పెంచే ఆహారం) తయారు చేసేదే ఆ లెక్క మీద. అవ్వ నూరిన ముద్దలో ఏది పని చేసిందో చెప్పాలంటే ఆకు వేరుగా, పసుపు వేరుగా, ఉప్పు వేరుగా, మూడూ కలిపి ఒకసారి పెట్టాలి. అది మంచి ప్రాజెక్టే, కానీ అప్పుడు ఒక్క ఆకు చాలు, పది వద్దు. నేలవేముదీ ఇదే చిక్కు. జ్వరానికి తాగుతారు, నిజమే. డెంగీ, చికున్‌గున్యా జ్వరాలు వైరస్ వల్ల వస్తాయి. బాక్టీరియా ప్లేట్ వాటి గురించి ఏమీ చెప్పలేదు.

శేషాచలం మొక్కల మీద మోజు అందరికీ ఉంటుంది. తెల్ల కరక, మొగి లాంటివి ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప దొరకడం కష్టం, పేపర్లో పేరు చూడ్డానికే బాగుంటుంది. కానీ 1989 నుంచి శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, 2010 నుంచి శేషాచలం బయోస్పియర్ రిజర్వు. అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కోసినా తప్పే. మూడు నెలల ప్రాజెక్టులో అనుమతి కాగితం వచ్చేసరికి మీ సెమిస్టర్ అయిపోతుంది. ఎర్రచందనం గురించి నన్ను అడగనే అడగొద్దు. బ్యాగులో దాని బెరడు ముక్కతో చెక్‌పోస్టు దగ్గర దొరికితే "సార్, జోన్ ఆఫ్ ఇన్హిబిషన్ కోసం" అంటే ఎవరూ వినరు.

మూలికల అంగట్లో కొన్న ఎండు సరుకు కంటే మీరే కోసిన పచ్చి మొక్క ఎప్పుడూ మేలు. ఒకే పేరుతో రెండు మొక్కలు చలామణీ అవుతుంటాయి. బ్రాహ్మి అని అడిగితే ఒకరు సరస్వతి ఆకు ఇస్తారు, ఇంకొకరు సంబరేణు ఇస్తారు. పువ్వుతో సహా ఒక కొమ్మ కోసి, పేపర్ల మధ్య ఆరబెట్టి, హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోట) చూపించి, పేరు ఖాయం చేసుకుని వోచర్ నంబరు (దాచిన నమూనాకి ఇచ్చే గుర్తు) తీసుకోండి. ఎస్వీ యూనివర్సిటీ బాటనీ డిపార్ట్‌మెంట్‌లో హెర్బేరియం ఉంది. ఇది ఒక్క పూట పని. ఈ నంబరు లేక వెనక్కొచ్చిన పేపర్లు నేను చూశాను.

పిండిన రసమా, కషాయమా, మిథనాలా?

ఇక్కడ పిల్లలు ఆలోచించకుండా మిథనాల్ అనేస్తారు. ఎందుకంటే మిథనాల్‌లో ఎక్కువ రకాల పదార్థాలు దిగుతాయి, జోన్లు బాగా వస్తాయి, రొటరీ ఎవాపొరేటర్‌లో 40 డిగ్రీల దగ్గరే తేలిగ్గా ఆవిరైపోతుంది. నేనూ కాదనను. "ఈ మొక్కలో బాక్టీరియాని ఆపే పదార్థం ఏదైనా ఉందా" అన్నదే ప్రశ్న అయితే మిథనాల్, లేదా 70 శాతం ఇథనాల్ సరిపోతుంది. పది గ్రాముల నీడలో ఎండబెట్టిన పొడి, వంద మిల్లీలీటర్ల మిథనాల్, షేకర్ మీద ఒకటి రెండు రోజులు, వడకట్టి ఆవిరి చేయడం. సాక్స్‌లెట్ (ద్రావకాన్ని మరిగించి మళ్ళీ మళ్ళీ పొడి మీదుగా పంపే గాజు పరికరం) పెడితే పొడి తక్కువున్నా బాగా లాగుతుంది, కానీ గంటల తరబడి మరుగుతుంది కాబట్టి వేడికి చెడిపోయేవి చెడిపోతాయి. ఆకులకు సాక్స్‌లెట్ నేను సలహా ఇవ్వను. కరక్కాయ లాంటి గట్టి కాయలకు, బెరళ్ళకు పర్వాలేదు.

కానీ ప్రశ్న "అవ్వ చేసిన మందు పని చేస్తుందా" అయితే మిథనాల్ ఆ ప్రశ్నకు జవాబు కాదు. అవ్వ దగ్గర మిథనాల్ లేదు. ఆమె పచ్చి ఆకు నలిపింది. అప్పుడు పచ్చి రసమే పరీక్షించాలి. ఇది చాదస్తం కాదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ దొరికిన తీరు గుర్తు చేసుకోండి. మొక్కను మరిగించి తీసినప్పుడు సరిగ్గా పని చేయలేదు. పాత చైనా గ్రంథంలో ఆకును నీళ్ళలో నానబెట్టి పిండి తాగమని ఉండటం చూసి, వేడి తగ్గిస్తే ఎలా ఉంటుందని 1971లో చైనా శాస్త్రవేత్త టూ యూయూ బృందం ఈథర్‌తో తక్కువ వేడి మీద తీసింది. పని చేసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. జనం ఆకును ఎలా వాడతారన్నది కూడా సమాచారమే.

పచ్చి రసంతో తిప్పలు వేరు. దానిలోనే బోలెడు సూక్ష్మజీవులుంటాయి. 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపితే గానీ ప్లేట్ మీద వేయకూడదు. గాయపాకు రసం జిగటగా ఉండి ఫిల్టర్ రెండు సిరంజిలకే మూసుకుపోతుంది. ముందు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరుకున్నది మాత్రం ఫిల్టర్ చేయండి. కషాయం మూడో రోజుకి పులుస్తుంది, అప్పుడు మీరు పరీక్షించేది కషాయాన్ని కాదు, పులుపుని. ఆ మాటకొస్తే ఉసిరి, చింత లాంటి పుల్లటి వాటికి పీహెచ్ చూడకుండా జోన్ నమ్మొద్దు. నిమ్మరసం పోసినా జోన్ వస్తుంది.

నాకు చేతనైనంతలో నా సలహా: రెండే రెండు ఎక్స్‌ట్రాక్టులు. ఒకటి మిథనాల్‌ది, ఇంకోటి జనం వాడే పద్ధతిలో తీసింది. హెక్సేన్, క్లోరోఫాం, ఇథైల్ ఎసిటేట్, ఎసిటోన్, మిథనాల్, నీళ్ళు అని ఆరు సీసాలు వరసగా పెట్టుకోవడం ఫొటోకి బాగుంటుంది. ఆరింటిని సరిగ్గా పరీక్షించే ఓపిక మాత్రం ఏప్రిల్ దాకా మిగలదు.

డిస్క్ మెథడ్

ఆస్పత్రి ల్యాబుల్లో యాంటీబయాటిక్ పని చేస్తుందో లేదో చూసే కిర్బీ-బావర్ పద్ధతే ఇది. 1966 నుంచి దీనికి పక్కా కొలతలున్నాయి. ఆరు మిల్లీమీటర్ల కాగితపు డిస్కు, ముల్లర్-హింటన్ అగర్ సరిగ్గా నాలుగు మిల్లీమీటర్ల మందం, 0.5 మెక్‌ఫర్లాండ్ (బాక్టీరియా ఎంత ఉందో మబ్బుదనంతో చెప్పే కొలత) మబ్బుదనం ఉన్న బాక్టీరియా, 35 డిగ్రీలు, 16 నుంచి 18 గంటలు. ఈ కొలతలన్నీ యాంటీబయాటిక్‌ల కోసం తయారైనవి. వాటి జోన్ ఎంత రావాలో పట్టికలున్నాయి. గాయపాకుకి అలాంటి పట్టిక ఏదీ లేదు. కాబట్టి "14 మిల్లీమీటర్లు వచ్చింది, సెన్సిటివ్" అని రాయడానికి వీల్లేదు.

డిస్కులో మంచి ఏంటంటే శుభ్రంగా ఉంటుంది, కారదు, ఒక ప్లేట్ మీద నాలుగైదు పెట్టొచ్చు. చెడు ఏంటంటే డిస్కు పట్టేది పది ఇరవై మైక్రోలీటర్లే. ముడి ఎక్స్‌ట్రాక్టు పలచనగా ఉంటే ఆ కాస్తలో ఏమీ కనపడదు. కొద్దికొద్దిగా వేసి ఆరబెట్టి మళ్ళీ వేయాలి. ఆ ఆరబెట్టడంలో తొందరపడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

పీహెచ్‌డీ మొదటి ఏడు. మిథనాల్‌లో కరిగించిన ఎక్స్‌ట్రాక్టు డిస్కుల మీద వేసి, సరిగ్గా ఆరకముందే ప్లేట్ మీద పెట్టేశాను. మర్నాడు పొద్దున ప్రతి డిస్కు చుట్టూ గుండ్రంగా, అద్దంలా జోన్లు. హాస్టల్లో అందరికీ ఫిల్టర్ కాఫీ ఇప్పించాను. మధ్యాహ్నం గైడ్ ప్లేట్ ఎత్తి వెలుతురుకి పట్టి, "మిథనాల్ ఒక్కటే వేసిన డిస్కు ఏదమ్మా?" అన్నారు. లేదు. మర్నాడు అది కూడా పెడితే దాని చుట్టూ దాదాపు అంతే జోన్. ఆ కాఫీ ఖర్చు ఇప్పటికీ గుర్తుంది. సాల్వెంట్ కంట్రోల్ లేని ప్లేట్ ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

వెల్ మెథడ్

మన వైపు కాలేజీల్లో ఎక్కువ నడిచేది ఇదే. కార్క్ బోరర్‌తో అగర్‌లో ఆరు లేదా ఎనిమిది మిల్లీమీటర్ల గుంట కోసి, యాభై నుంచి వంద మైక్రోలీటర్ల ఎక్స్‌ట్రాక్టు పోస్తారు. ఎక్కువ సరుకు పడుతుంది కాబట్టి బలహీనమైనవి కూడా బయటపడతాయి. నీళ్ళ కషాయాలకి, పచ్చి రసానికి డిస్కు కంటే ఇదే నయం. డబ్బులు తక్కువ, పరికరాలు తక్కువ, చూడ్డానికి కనువిందు. మొదటి వడపోతకి నేను దీనివైపే మొగ్గుతాను.

జాగ్రత్తలు మాత్రం కొన్ని చేతికి అలవాటు కావాలి. గుంట కోసేటప్పుడు అగర్ కింద లేచిందంటే ఎక్స్‌ట్రాక్టు అడుగున పాకి వంకర టింకర జోన్ ఇస్తుంది. అందుకే గుంట అడుగున కరిగిన అగర్ ఒక్క చుక్క వేసి మూసేస్తాం. ప్లేట్లు పోసే బల్ల వాలుగా ఉంటే ఒక పక్క పలచన, ఒక పక్క మందం. పలచన వైపు జోన్ పెద్దదొస్తుంది. తొంభై మిల్లీమీటర్ల ప్లేట్‌కి పాతిక మిల్లీలీటర్లు పోస్తే నాలుగు మిల్లీమీటర్ల మందం వస్తుంది, కానీ బల్ల మట్టంగా ఉంటేనే. మా పాత ల్యాబులో కిటికీ పక్క బల్ల మీద పోసిన ప్లేట్లన్నీ తూర్పు వైపు మందంగా వచ్చేవి, ఎన్ని నెలలకి కనుక్కున్నామో చెప్తే నవ్వుతారు.

అసలు లోపం ఇంకొకటుంది, అది డిస్కుకి కూడా వర్తిస్తుంది. జోన్ రావాలంటే మందు అగర్‌లో పాకాలి. అగర్ అంటే దాదాపు నీళ్ళే. తడి గుడ్డ మీద బట్టల నీలిమందు చుక్క వేస్తే ఎలా పాకుతుందో చూశారుగా, అదే గుడ్డ మీద నూనె చుక్క వేస్తే వేసిన చోటే ఉంటుంది. మొక్కల్లో బలమైన పదార్థాలు కొన్ని నూనె జాతివి. అవి గుంట దాటి కదలవు, జోన్ రాదు, మీరు "యాక్టివిటీ లేదు" అని రాసేస్తారు. తేలిగ్గా కరిగే బలహీనమైన పదార్థం మాత్రం హాయిగా పాకి పెద్ద జోన్ ఇస్తుంది. అందుకే రెండు మొక్కల జోన్లు పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనడం తప్పు. ఉందా లేదా అన్నంత వరకే వాటి మాట వినాలి.

ఇంకొక లెక్క, ఇది ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద వేసి చూపిస్తాను. ఎక్స్‌ట్రాక్టు మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు. గుంటలో పోసింది 100 మైక్రోలీటర్లు. అంటే గుంటలో 10 మిల్లీగ్రాముల సరుకు. పక్కన పాజిటివ్ కంట్రోల్‌గా (పని చేస్తుందని ముందే తెలిసిన మందుగా) పెట్టిన జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ డిస్కులో ఉన్నది 10 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్లు తేడా. అయినా రిపోర్టులో "మా ఎక్స్‌ట్రాక్టు జెంటమైసిన్‌తో సమానంగా పని చేసింది" అని రాసేస్తారు. వెయ్యి రూపాయలు ఖర్చు పెట్టినవాడూ ఒక రూపాయి ఖర్చు పెట్టినవాడూ ఒకే ఊరు చేరితే ఇద్దరి ప్రయాణం సమానమంటామా?

మైక్రోప్లేట్‌లో ఎంఐసీ

దీన్ని చూసి పిల్లలు భయపడతారు. 96 గుంటల ప్లేట్, మల్టీచానల్ పిపెట్, లెక్కలు. నిజానికి ఒక్కసారి చేస్తే వెల్ మెథడ్ కంటే చేతికి సులువు. ఇంకో సంగతి, ఖరీదైన పద్ధతి అని పేరుంది గానీ ఎక్స్‌ట్రాక్టు ఖర్చు చూస్తే ఇదే పొదుపు. వెల్ మెథడ్‌లో ఒక్క గుంటకే పది మిల్లీగ్రాములు పోతే, ఇక్కడ ఒక వరస మొత్తానికి ఒక మిల్లీగ్రాము కూడా పట్టదు. రొటరీ ఎవాపొరేటర్ దగ్గర మూడు రోజులు నిలబడి గీకితే చారెడు ముద్ద వచ్చినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

పని ఇలా సాగుతుంది. ఒక వరసలో పన్నెండు గుంటలు. మొదటిదాంట్లో మిల్లీలీటరుకి 2000 మైక్రోగ్రాములు ఉండేట్టు మొదలుపెట్టి, ఒక్కో గుంటకీ సగం చేసుకుంటూ పది గుంటలు: 1000, 500, 250, 125, అలా దాదాపు నాలుగు వరకూ. పదకొండో గుంటలో ఎక్స్‌ట్రాక్టు లేకుండా బాక్టీరియా మాత్రమే, పన్నెండో గుంటలో వట్టి మీడియం. బాక్టీరియా చివరికి మిల్లీలీటరుకి 5 లక్షలు ఉండాలి. 0.5 మెక్‌ఫర్లాండ్ అంటే దాదాపు 15 కోట్లు కాబట్టి దాన్ని 150 రెట్లు పలచన చేసి, గుంటలో ఉన్న మందుతో సమానంగా కలిపితే లెక్క సరిపోతుంది. ఎక్స్‌ట్రాక్టుని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగిస్తాం. అది చివరికి ఒకటి రెండు శాతం దాటకుండా చూసుకుని, డీఎంఎస్ఓకి విడిగా ఒక వరస ఇవ్వాలి. నా కాఫీ కథ మరిచిపోవద్దు.

రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉన్నాక మామూలుగా అయితే మబ్బుగా ఉన్న గుంటలో పెరిగింది, తేటగా ఉన్న గుంటలో పెరగలేదు అని చూస్తారు. ఆకు ఎక్స్‌ట్రాక్టుతో ఆ ఆట సాగదు. పై గుంటలన్నీ ముదురు పచ్చగా, అడుగున మడ్డితో ఉంటాయి. అందుకని రెజాజురిన్ అనే రంగు వేస్తాం, 0.015 శాతం ద్రావణం. వేసినప్పుడు నీలం. బతికున్న బాక్టీరియా ఉంటే రెండు మూడు గంటల్లో గులాబీ అవుతుంది. మొదటిసారి చూసినవాళ్ళెవరూ ప్లేట్ పక్కనుంచి కదలరు. పదకొండో గుంట నుంచి ఎడమవైపుకి ఒక్కొక్క గుంటా గులాబీకి తిరుగుతూ వచ్చి, ఒకచోట ఆగిపోతుంది. నీలంగా మిగిలిన వాటిలో అన్నిటికంటే తక్కువ మోతాదు ఉన్న గుంటే ఎంఐసీ.

ఇక్కడ కూడా ఒక మోసం ఉంది. కొన్ని ఆకుల్లో ఉండే యాంటీఆక్సిడెంట్లు బాక్టీరియా అవసరం లేకుండా వాటంతట అవే రెజాజురిన్‌ని గులాబీ చేసేస్తాయి. మీరు "అయ్యో, బాక్టీరియా పెరిగిపోయింది" అనుకుంటారు. అందుకే ఎక్స్‌ట్రాక్టు, మీడియం, రంగు మాత్రమే ఉండి బాక్టీరియా లేని వరస ఒకటి పెట్టాలి. పసుపు పరీక్షించేవాళ్ళకైతే గులాబీకీ నారింజకీ తేడా చూడ్డానికి కళ్ళు కాయలు కాస్తాయి. వాళ్ళు నీలి గుంటల్లోంచి, అనుమానం ఉన్న గుంటల్లోంచి కొద్దిగా తీసి కొత్త ప్లేట్ మీద రాసి చూసుకోవడం మంచిది. ఎలాగూ ఆ పని చేస్తే ఎంబీసీ (చంపే కనీస మోతాదు) కూడా తేలుతుంది. మందు బాక్టీరియాని పెరగకుండా ఆపిందా, లేక 99.9 శాతం చంపిందా అన్నది.

వచ్చిన అంకె ఎంత ఉంటే గొప్ప? ముడి ఎక్స్‌ట్రాక్టుకి మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల లోపు వస్తే నిజంగా పట్టించుకోవాల్సిన మొక్క. వెయ్యి దాటితే గొప్పలు చెప్పుకోకండి, అంకె రాసి ఊరుకోండి. మధ్యలో వస్తే మధ్యరకం. "ఉంది గానీ కొంచెమే" అన్నది కూడా ఫలితమే, దానికి ఎవరూ మార్కులు కొయ్యరు. కొస్తే నాకు చెప్పండి.

బయోఆటోగ్రఫీ గురించి కూడా అడుగుతుంటారు. టీఎల్‌సీ ప్లేట్ (పదార్థాల్ని విడగొట్టే పలచటి పూత ఉన్న పలక) మీద ఎక్స్‌ట్రాక్టుని మచ్చలుగా విడగొట్టి, దాని మీద బాక్టీరియా కలిపిన అగర్ పోసి, ఏ మచ్చ దగ్గర పెరగలేదో చూడటం. ఎంఐసీ బాగా వచ్చి, అందులో ఏ పదార్థం పని చేసిందో వేటాడాలనుకున్నప్పుడు చేయాల్సిన పని అది. అంతకుముందు వద్దు.

ఏ బాక్టీరియా మీద?

తక్కువ చాలు. ఒక గ్రామ్ పాజిటివ్, ఒక గ్రామ్ నెగటివ్. స్టాఫ్ ఒకటి, ఈ.కోలై ఒకటి. గ్రామ్ నెగటివ్‌లకు బయట ఇంకో పొర ఉంటుంది, అది చాలా మొక్కల మందుల్ని లోపలికి రానివ్వదు. స్టాఫ్ మీద పని చేసి ఈ.కోలై మీద చేయలేదంటే మీ చెయ్యి తప్పు కాకపోవచ్చు, మొక్కల తీరే అంత.

నంబరున్న స్ట్రెయిన్లే వాడండి. చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల బ్యాంకు నుంచి తెప్పించుకోవచ్చు. అక్కడి 443 నంబరు ఈ.కోలై, అమెరికా బ్యాంకు ఏటీసీసీలోని 25922 ఒకటే. దానికి లాభం ఏంటంటే జెంటమైసిన్ డిస్కుకి 19 నుంచి 26 మిల్లీమీటర్ల జోన్ రావాలి, ఎంఐసీ అయితే మిల్లీలీటరుకి 0.25 నుంచి 1 మైక్రోగ్రాము రావాలి అని ముందే తెలుసు. ఆ హద్దుల్లో రాలేదంటే ఆ రోజు మీ మీడియమో, బాక్టీరియా లెక్కో, ఇంక్యుబేటరో ఏదో తేడా కొట్టింది. ఆకు ఫలితం చూడకుండానే ప్లేట్ పక్కన పెట్టేయొచ్చు. మే నెలలో కరెంటు పోయి వచ్చిన రాత్రుల మర్నాడు ముందు దీన్నే చూస్తాను.

ఆస్పత్రి నుంచి స్నేహితుడి ద్వారా తెచ్చుకున్న "రెసిస్టెంట్ స్ట్రెయిన్" మీద చేస్తే ఘనంగా ఉంటుందని ఆశ పడకండి. అనుమతులు కావాలి, జాగ్రత్తలు ఎక్కువ కావాలి, దాని పుట్టుపూర్వోత్తరాలు మీకు తెలియవు.

మరి మీరెవరు?

స్కూలు సైన్స్ ఫెయిర్ వాళ్ళయితే స్టాఫ్ జోలికి పోవద్దు. బాసిల్లస్ సబ్టిలిస్ లాంటి హాని లేనిది, టీచర్ సమక్షంలో, కాలేజీ ల్యాబులో, వెల్ మెథడ్. ఆకు కూడా కొత్తది వద్దు, కరక్కాయ పొడి తీసుకోండి. టానిన్లు దండిగా ఉంటాయి, జోన్ కనపడే అవకాశం ఎక్కువ, పిల్లలకి హుషారు. చెయ్యి కడుక్కోకముందు, కడుక్కున్న తర్వాత వేలిముద్ర వేసి పెంచే ప్లేట్లు స్కూళ్ళలో చూస్తుంటాను. ఏం పెరిగిందో తెలియదు కాబట్టి టేపు వేశాక మళ్ళీ మూత తీయకూడదు.

ఎమ్మెస్సీ వాళ్ళకు మూడు నెలలు. ఒకే మొక్క, రెండు ఎక్స్‌ట్రాక్టులు, రెండు బాక్టీరియా. ఫిబ్రవరిలో వెల్ మెథడ్‌తో వడపోత. బాగా వచ్చిన ఎక్స్‌ట్రాక్టుకి మార్చిలో రెజాజురిన్‌తో ఎంఐసీ. ఒక విషయం, జోన్ రాని ఎక్స్‌ట్రాక్టుని కూడా ఒక్క వరసలో ఎంఐసీ చేసి చూడండి. నూనె చుక్క సంగతి చెప్పాను కదా. ఒకే రోజు మూడు ప్లేట్లు పెట్టి "మూడుసార్లు చేశాం" అనకండి. మూడు వేర్వేరు రోజులు, మూడుసార్లు కొత్తగా పెంచిన బాక్టీరియా, అదీ మూడుసార్లంటే. మల్టీచానల్ పిపెట్ లేదా? ఒంటి పిపెట్‌తో కూడా అవుతుంది, నడుం నొప్పి పుడుతుంది అంతే.

పీహెచ్‌డీ వాళ్ళు వెల్ మెథడ్‌ని మొదటి నెలకే పరిమితం చేసుకోండి. ఎంఐసీ, ఎంబీసీ, తర్వాత గంట గంటకీ ఎంత చచ్చాయో చూసే టైమ్-కిల్, ఆ తర్వాతే బయోఆటోగ్రఫీ. మధ్యలో మనిషి కణాల మీద విషం అవునో కాదో చూసే పరీక్ష ఒకటి తప్పనిసరి. ఫినాయిల్ కూడా అద్భుతమైన జోన్ ఇస్తుంది, దాన్ని గాయానికి రాసుకోం కదా.

నాలుగో రకం మనుషులు కూడా వస్తుంటారు. ఆయింట్‌మెంటో, సబ్బో తయారు చేసి, "టెస్ట్ చేయించి సర్టిఫికెట్ ఇప్పించండి" అనేవాళ్ళు. ప్రైవేట్ ల్యాబుకి ఇచ్చేటట్టయితే ఫలితం కాగితం ఒక్కటే తీసుకోకండి. ప్లేట్ ఫొటోలు, సాల్వెంట్ కంట్రోల్, జెంటమైసిన్ జోన్ ఎంతొచ్చిందో, స్ట్రెయిన్ నంబరు ఏంటో రాసివ్వమనండి. తటపటాయిస్తే ఇంకో ల్యాబు చూసుకోండి. సబ్బులో ఆకు ఒక్కటే ఉండదు కాబట్టి ఆకు వేయని సబ్బుని కూడా పక్కన పెట్టి చేయించాలి. లేకపోతే కొబ్బరినూనె, కాస్టిక్ చేసిన పనికి గాయపాకుకి పేరొస్తుంది. అమ్మకానికి మొక్కల్ని సేకరిస్తుంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఏం చేయాలో కూడా ముందే కనుక్కోండి.

ఎవరైనా సరే, వాడిన ప్లేట్లు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే చెత్తలోకి. ఇక ఈ ఏడు చేయాలనుకుంటున్నవాళ్ళు ఆకు ఇప్పుడే కోసిపెట్టుకోండి. గాయపాకు జనవరిలో లేతగా, దట్టంగా ఉంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి తిరుపతి ఎండకి రోడ్డు పక్కన దుమ్ము తప్ప పెద్దగా ఏమీ మిగలదు. కోసింది నీడలో, ఫ్యాన్ కింద, న్యూస్ పేపర్ మీద పలచగా పరిచి రోజుకోసారి తిప్పండి. వారం పది రోజుల్లో చేతిలో నలిపితే పొడిపొడిగా రాలుతుంది, అప్పుడు మిక్సీ పట్టొచ్చు.